ముందే తెలిసినది, అప్పుడే తెలిసేది

2020లో ఎంఐటీ పరిశోధకులు ఒక మామూలు లెక్కతో ప్రయోగం చేశారు. 4096 అడ్డు వరుసలు, 4096 నిలువు వరుసలు ఉన్న రెండు మాత్రికలను గుణించాలి. పైథాన్‌లో మూడు లూపులు (ఒకే పనిని పదేపదే చేయించే చుట్లు) పెట్టి రాస్తే దాదాపు 7 గంటలు పట్టింది. అదే లెక్క జావాలో 40 నిమిషాల్లో, సీ భాషలో 9 నిమిషాల్లో అయిపోయింది. తర్వాత పనిని ఆ యంత్రంలో విడివిడిగా లెక్కలు చేయగల 18 కోర్లకూ పంచారు. మాత్రికలను క్యాష్‌లో, అంటే చిప్ మీదే ఉండే చిన్న, వేగమైన మెమరీలో ఇమిడే ముక్కలుగా కోశారు. ఒకేసారి ఎన్నో సంఖ్యల మీద పనిచేసే వెక్టర్ ఆదేశాలు వాడారు. చివరికి అర సెకను కూడా పట్టలేదు. మొదటిదానికీ చివరిదానికీ తేడా 60,000 రెట్ల పైమాటే. యంత్రం అదే. చేయాల్సిన గుణకారాలూ అవే, ఒక్కటీ తగ్గలేదు.

ఈ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ వేగమంతా మొదటి నుంచీ ఆ చిప్‌లోనే ఉంది, దాన్ని బయటికి తీసే దారే లేకపోయింది. మనం రాసిన ప్రోగ్రామ్‌కీ చిప్‌కీ మధ్య ఆ దారి వేసేది, ప్రోగ్రామ్‌ను యంత్ర ఆదేశాలుగా మార్చే కంపైలర్. అయితే దారి ఎంత బాగా వేయగలదో దాని తెలివి ఒక్కటే తేల్చదు. చిప్ రూపకర్త ఏమేం బయటపెట్టాడు, ఏమేం దాచుకున్నాడు, ప్రోగ్రామింగ్ భాష ఏయే మాటలు ఇచ్చింది, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. అందుకే గిగాహెర్ట్జ్ చూసి కంప్యూటర్ వేగాన్ని అంచనా వేయడం దాదాపు అసాధ్యం.

కంపైలర్ ప్రోగ్రామ్ మొత్తాన్ని చూస్తుంది. తీరిగ్గా, కావాలంటే నిమిషాల తరబడి ఆలోచిస్తుంది. కానీ ఆ ప్రోగ్రామ్ నడవబోయే రోజున ఏ డేటా వస్తుందో దానికి తెలియదు. ప్రాసెసర్‌ది సరిగ్గా ఎదురు పరిస్థితి. అసలు డేటా దాని చేతిలోనే ఉంటుంది, కానీ అది ఒకసారికి చూడగలిగేది మహా అయితే కొన్ని వందల ఆదేశాలు. నిర్ణయానికి దొరికే సమయం నానోసెకనులో చిన్న ముక్క. ఒకరికి ముందే తెలిసినవి ఉన్నాయి, ఇంకొకరికి అప్పుడే తెలిసేవి ఉన్నాయి. ఏ పని ఎవరికి అప్పగించాలన్న పంచాయితీయే ఈ రంగం చరిత్రలో చాలా భాగం.

మొదటి అనుమానం

1950లలో ప్రోగ్రామర్లు యంత్ర ఆదేశాలను చేత్తో రాసేవారు. అప్పట్లో యంత్రపు సమయం మనిషి సమయం కంటే చాలా ఖరీదు. ఇంకో ప్రోగ్రామ్ తమంత బాగా ఆదేశాలు రాయగలదంటే వాళ్లు నమ్మలేదు. ఐబీఎంలో జాన్ బాకస్ బృందం 704 అనే యంత్రం కోసం ఫోర్ట్రాన్ కంపైలర్ తయారు చేస్తున్నప్పుడు ఆ అనుమానమే వాళ్లను నడిపించింది. చేత్తో రాసినదానికి దరిదాపుల్లో లేకపోతే ఎవరూ వాడరని వాళ్లకు తెలుసు. అందుకే 1957లో విడుదలైన ఆ తొలి కంపైలర్‌లోనే లూపులను మెరుగుపరిచే, ఇండెక్స్ రిజిస్టర్లను (ప్రాసెసర్‌లోనే ఉండే కొద్దిపాటి చోట్లను) పొదుపుగా పంచే పద్ధతులు ఉన్నాయి.

ఈ పద్ధతులకు గట్టి శాస్త్రం అమర్చినవాళ్లలో ఐబీఎంకే చెందిన ఫ్రాన్సెస్ అలెన్ ముఖ్యురాలు. ప్రోగ్రామ్‌ను దారులూ కూడళ్లూ ఉన్న పటంలా చూసి, ఏ విలువ ఎక్కడ పుట్టి ఎక్కడిదాకా బతుకుతుందో లెక్కగట్టే విధానాన్ని ఆమె, ఆమె సహచరులు నిలబెట్టారు. 2006 ట్యూరింగ్ అవార్డు ఆమెకు వచ్చింది. ఆ అవార్డు అందుకున్న తొలి మహిళ ఆమె.

ఆ లెక్కగట్టడం ఎంత లోతుకు వెళుతుందో నాకు ఒక చిన్న అనుభవం వల్ల అర్థమైంది. ఒక లూప్ వంద కోట్ల సార్లు తిరగడానికి ఎంతసేపు పడుతుందో కొలుద్దామని ప్రోగ్రామ్ రాశాను. ఫలితం సున్నా సెకన్లు అని వచ్చింది. కంపైలర్ ఇచ్చిన అసెంబ్లీ, అంటే మనిషి చదవగలిగే యంత్ర ఆదేశాల రాత, తెరిచి చూస్తే అందులో లూపే లేదు. లూప్ కట్టిన మొత్తాన్ని నేను ఎక్కడా వాడలేదు కాబట్టి ఆ పనే అనవసరమని అది తేల్చుకుంది. నేను రాసిన ఒక్కొక్క వాక్యాన్ని వరుసగా యంత్రభాషలోకి మార్చడం దాని పని అనుకుని ఉన్నాను. అసలు అది చూసేది ప్రోగ్రామ్ చివరికి ఏం ఫలితం ఇవ్వాలో. ఆ ఫలితం మారనంతవరకూ లోపల ఏదైనా మార్చే స్వేచ్ఛ దానికి ఉంది.

కంపైలర్ కోసం కట్టిన యంత్రం

1970లలో చిప్ రూపకర్తల ఆలోచన వేరుగా ఉండేది. మనిషి అసెంబ్లీ రాస్తాడు కాబట్టి అతనికి సులువుగా ఉండే పెద్ద పెద్ద ఆదేశాలు ఇద్దామనుకున్నారు. 1977లో వచ్చిన వ్యాక్స్ యంత్రంలో ఒక బహుపది విలువ మొత్తాన్ని ఒకే ఆదేశంతో కట్టే ఏర్పాటు కూడా ఉంది. కాగితం మీద చూస్తే ఎంతో శక్తిమంతం. కానీ కంపైలర్లు ఇలాంటివాటిని పెద్దగా వాడలేదు. ప్రోగ్రామ్‌లో ఉన్న పని అచ్చంగా ఆ ఆదేశం ఆకారంలోనే ఉందని గుర్తించడం కష్టం, కొంచెం తేడా ఉన్నా ఆ ఆదేశం పనికిరాదు. పైగా శ్రేణి సూచికను సరిచూసి లెక్కగట్టే ఒక వ్యాక్స్ ఆదేశం, అదే పనిని చిన్న చిన్న ఆదేశాలతో చేసినదానికంటే నెమ్మదిగా నడిచింది.

ఐబీఎంలో జాన్ కాక్ బృందం 1975లో 801 అనే ప్రాజెక్టు మొదలుపెట్టి ప్రశ్నను తిప్పి వేసింది. ఆదేశాలు రాసేది కంపైలరే అయినప్పుడు యంత్రాన్ని దానికి తగ్గట్టుగా ఎందుకు కట్టకూడదు? ఒక్కో సైకిల్‌లో, అంటే చిప్ గడియారపు ఒక్కో టిక్కులో ముగిసే చిన్న ఆదేశాలు, చాలినన్ని రిజిస్టర్లు, అంతే. యంత్రాన్నీ దాని కంపైలర్‌నూ పక్కపక్కనే పెంచారు. ఆ దశాబ్దం మారేనాటికి బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెస్సీ ఇదే దారిలో వెళ్లారు. ఇలాంటి చిన్న ఆదేశాల యంత్రాలకు రిస్క్ (RISC) అన్న పేరు బర్కిలీలోనే పుట్టింది. నేటి ఫోన్లలో దాదాపు అన్నిటిలో ఉండే ఆర్మ్ చిప్‌లు ఆ కుటుంబానివే.

రిజిస్టర్ల సంగతి దగ్గర కాస్త ఆగాలి. ప్రాసెసర్ చేతికి అందే అతి దగ్గరి చోటు రిజిస్టర్. 64 బిట్ ఆర్మ్‌లో ఇవి 31, ఇంటెల్, ఏఎండీ పీసీ చిప్‌లు వాడే 64 బిట్ ఎక్స్86లో 16. ఒక ఫంక్షన్‌లో వందల విలువలు ఉండొచ్చు. అవన్నీ ఈ కొద్దిపాటి చోట్లలో సర్దాలి. 801 ప్రాజెక్టులోనే గ్రెగరీ చైటిన్ దీన్ని పటానికి రంగులేసే లెక్కగా మార్చాడు. ఒకే సమయంలో బతికి ఉండే రెండు విలువలు పొరుగు దేశాల్లాంటివి, వాటికి ఒకే రంగు వేయకూడదు. రంగులంటే రిజిస్టర్లు. రంగులు చాలకపోతే ఒక విలువను మెమరీకి పంపాలి. ఈ ఊహ నాకు ఎంతో ఇష్టం, ఎందుకంటే చిప్ మీద రిజిస్టర్లు ఎన్ని ఉండాలన్న ప్రశ్న దీంతో ఊరికే అంచనా వేసే విషయం కాకుండా పోయింది. కంపైలర్‌ను నడిపి, ఎన్ని రంగులకు ఎన్ని విలువలు బయటికి పోతున్నాయో కొలిచి చెప్పవచ్చు.

చిప్‌లో ఏది చవక, ఏది ఖరీదో కంపైలర్‌కు తెలిసి ఉండటం వల్ల కలిగే లాభానికి ఇంకో ఉదాహరణ భాగహారం. ఒక సంఖ్యను 10తో భాగించమని రాస్తే చాలాసార్లు యంత్రభాషలో భాగహారమే కనిపించదు. 32 బిట్ల ధన సంఖ్య అయితే దాన్ని 3,43,59,73,837తో గుణించి, వచ్చినదాన్ని 35 బిట్లు కుడివైపు జరుపుతుంది. సమాధానం ప్రతిసారీ కచ్చితంగా సరిపోతుంది. స్కైలేక్ తరం ఇంటెల్ చిప్‌లో భాగహారానికి 20కి పైగా సైకిళ్లు, గుణకారానికి 3 సైకిళ్లు పడుతుంది కాబట్టి ఈ చుట్టుదారే దగ్గరి దారి.

కట్టేసిన చేతులు

అయితే ఇంత తెలివైన కంపైలర్ కొన్నిచోట్ల కదలకుండా నిలబడిపోతుంది. ఒక శ్రేణిలోని దశాంశ సంఖ్యలన్నిటినీ కూడే లూప్ తీసుకుందాం. స్కైలేక్‌లో ఒక కూడిక ఫలితం రావడానికి 4 సైకిళ్లు పడుతుంది. ప్రతి కూడికకూ ముందటి మొత్తం కావాలి కాబట్టి ఉన్నదున్నట్టు నడిపితే 4 సైకిళ్లకు ఒక కూడికే జరుగుతుంది. కానీ ఆ చిప్ ప్రతి సైకిల్‌లోనూ రెండు వెక్టర్ కూడికలు, ఒక్కోదానిలో 8 సంఖ్యల చొప్పున, అంటే 16 కూడికలు మొదలుపెట్టగలదు. డేటా దగ్గర్లో ఉంటే దాని సత్తాలో 64వ వంతు మాత్రమే వాడుతున్నామన్నమాట.

మరి కంపైలర్ ఆ సంఖ్యలను గుంపులుగా విడదీసి కూడొచ్చు కదా? పూర్ణాంకాలైతే అలాగే చేస్తుంది. దశాంశ సంఖ్యల దగ్గర చేయదు. 32 బిట్ల దశాంశ సంఖ్యగా 10 కోట్లకు 1 కలిపితే 10 కోట్లే వస్తుంది, ఆ 1కి చోటు చాలదు. అందుకే 10 కోట్లకు 1 కలిపి 10 కోట్లు తీసేస్తే సున్నా వస్తుంది, ముందే 10 కోట్లు తీసేసి ఆ తర్వాత 1 కలిపితే 1 వస్తుంది. క్రమం మారితే జవాబు మారుతుంది. నువ్వు రాసిన క్రమంలోనే కూడతానని భాష మాట ఇచ్చింది, కంపైలర్ దాన్ని తప్పలేదు. ఆ మాటను సడలించే ఆప్షన్లు కంపైలర్లలో ఉన్నాయి. నా అభిప్రాయంలో వాటిని ప్రోగ్రామ్ మొత్తానికి పెట్టడం ప్రమాదం, ఆ ఒక్క లూప్‌కి పరిమితం చేయడమే మేలు.

ఇలాంటిదే ఇంకో అడ్డంకి పాయింటర్లది, అంటే మెమరీ చిరునామాలది. ఒక ఫంక్షన్‌కు రెండు శ్రేణుల చిరునామాలు ఇస్తే, అవి మెమరీలో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో సీ కంపైలర్ ఎప్పుడూ జాగ్రత్తపడాలి. ఒకదానిలో రాసిన విలువ రెండోదాన్ని మార్చేస్తుందేమో! ఫోర్ట్రాన్‌లో ఆ టెన్షన్ లేదు, అలా అతివ్యాప్తి ఉండి ఒకదానిలో రాస్తే తప్పు ప్రోగ్రామర్‌దేనని భాష నియమం. శాస్త్ర గణనల్లో ఫోర్ట్రాన్ ఇన్నేళ్లుగా నిలబడటానికి ఇదొక ముఖ్య కారణం. 1999 నాటి సీ ప్రమాణంలో రిస్ట్రిక్ట్ అనే మాట చేర్చింది ఇలాంటి హామీని ప్రోగ్రామర్ తానే ఇవ్వగలగడానికి.

అంతా కంపైలరే చూసుకుంటే?

పనిని కంపైలర్‌కు అప్పగించే దారిలో కొందరు ఇంకా ముందుకు వెళ్లాలనుకున్నారు. ఏ ఆదేశాలు ఒకేసారి నడవచ్చో వెతికే బరువైన సరంజామా చిప్‌లో ఎందుకు, ఆ వెతుకులాట కంపైలర్ ముందే చేసి పెడితే పోలేదా అన్నారు. యేల్‌లో జోష్ ఫిషర్ 1980ల మొదట్లో ఈ దారికి పునాది వేశాడు. హెచ్‌పీ, ఇంటెల్ కలిసి ఇదే ఆలోచన మీద ఇటానియం అనే ప్రాసెసర్ కట్టాయి. 1994లో ప్రకటించారు, తొలి చిప్ 2001లో వచ్చింది. మూడేసి ఆదేశాలను ఒక కట్టగా పేర్చి, ఏవి కలిసి నడవచ్చో కంపైలరే గుర్తుపెట్టాలి. 128 పూర్ణాంక రిజిస్టర్లు ఇచ్చారు. కాగితం మీద కంపైలర్ రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

దెబ్బ కొట్టింది మెమరీ. ఒక విలువ దగ్గరి క్యాష్‌లో ఉంటే 4, 5 సైకిళ్లలో వచ్చేస్తుంది. లేకపోతే మెయిన్ మెమరీ దాకా వెళ్లి రావడానికి 200 సైకిళ్లు, ఒక్కోసారి అంతకు మించి. ఏది జరుగుతుందో ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తెలుస్తుంది. 5 సైకిళ్లలో వస్తుందని కంపైలర్ వరుస పేర్చిపెడితే, రాని రోజున వెనకున్న కట్టలన్నీ ఆగిపోతాయి. మామూలు ప్రాసెసర్ అలా ఆగదు. ఐబీఎం 360/91 కోసం రాబర్ట్ టొమసులో 1967లో చెప్పిన పద్ధతి, 1995లో పెంటియం ప్రోతో ఇంటెల్ పీసీ చిప్‌లలోకీ వచ్చింది. కావాల్సిన విలువ రాని ఆదేశాన్ని పక్కన పెట్టి, వెనకున్నవాటిలో సిద్ధంగా ఉన్నవాటిని ముందు నడిపించేస్తుంది. చూసేవాళ్లకు మాత్రం అన్నీ వరుసలోనే జరిగినట్టు ఉంటుంది.

ఇటానియం కంపైలర్లు బలహీనంగా ఉన్నాయని చాలామంది అంటారు. అది అన్యాయమని నాకు అనిపిస్తుంది. ఆ రంగంలోని మేటి ఇంజినీర్లు పనిచేశారు, కానీ లేని సమాచారాన్ని ఏ తెలివీ పుట్టించలేదు. ఈలోగా 2003లో ఏఎండీ పాత ఎక్స్86నే 64 బిట్లకు పెంచి, రిజిస్టర్లను 8 నుంచి 16 చేసి, పాత ప్రోగ్రామ్‌లు యథాతథంగా నడిచేలా చిప్ తెచ్చింది. మార్కెట్ అటు వెళ్లిపోయింది. ఇటానియం సరఫరా 2021లో ఆగింది.

అలాగని ఆ ఆలోచన తప్పని కొట్టిపారేయలేం. ఏ డేటా ఎప్పుడు వస్తుందో ముందే తెలిసేచోట అదే బాగా నడుస్తోంది. క్వాల్కామ్ ఫోన్ చిప్‌లలో ధ్వనీ చిత్రాల పని చూసే హెక్సగాన్ ప్రాసెసర్ ఈ తరహాదే. 2015లో గూగుల్ తన డేటా సెంటర్లలో పెట్టిన తొలి టీపీయూలో (న్యూరల్ నెట్‌వర్క్ లెక్కల కోసమే చేసిన చిప్‌లో) 65,536 గుణకార యూనిట్లు ఉన్నాయి. సాధారణ క్యాష్ లేదు, దారిని ఊహించే ఏర్పాటూ లేదు. న్యూరల్ నెట్‌వర్క్ లెక్కలో ఏ సంఖ్య ఎప్పుడు కావాలో ముందే రాసిపెట్టి ఉంటుంది కాబట్టి అవి అక్కర్లేకపోయాయి.

ఊహ, దాని ఖరీదు

మామూలు ప్రోగ్రామ్‌లలో సగటున నాలుగైదు ఆదేశాలకో, ఏడెనిమిది ఆదేశాలకో ఒక బ్రాంచ్, అంటే షరతును బట్టి దారి మారే ఆదేశం వస్తుంది. ఎటు వెళ్లాలో తేలేదాకా ఆగితే, ఆదేశాలు ఒకదాని వెనక ఒకటి దశలవారీగా సాగే పైప్‌లైన్ ఖాళీగా పడి ఉంటుంది. అందుకని ప్రాసెసర్ గతాన్ని బట్టి ఊహించి ముందుకు సాగుతుంది. ఊహ తప్పితే చేసినదంతా పారేసి 15, 20 సైకిళ్లు పోగొట్టుకుంటుంది. అందుకే ఒక శ్రేణిలో ఫలానా విలువను మించినవాటినే కూడమంటే, అవే సంఖ్యలు వరుసలో పేర్చి ఉన్నప్పుడు లూప్ గబగబా నడిచి, చిందరవందరగా ఉన్నప్పుడు చాలా నెమ్మదించవచ్చు. ఇక్కడ కంపైలర్ ఒక పని చేయగలదు. రెండు ఫలితాలూ సిద్ధం చేసి, షరతును బట్టి ఒకటి ఎంచుకునే ఆదేశం వాడితే బ్రాంచే ఉండదు, ఊహా ఉండదు. కానీ ఊహ ఎప్పుడూ నిజమయ్యే చోట అదే మార్పు నష్టం, ఎందుకంటే ఎంపికకు ముందు రెండు విలువల కోసమూ ఆగాల్సి వస్తుంది. ఏది నయమో డేటాను బట్టి ఉంటుంది, కంపైలర్ దగ్గర లేనిదే అది.

ఆ లోటు తీర్చే మార్గం, ప్రోగ్రామ్‌ను ఒకసారి నిజమైన డేటాతో నడిపి, ఏ దారి ఎన్నిసార్లు తొక్కిందో లెక్క తీసి, దాన్ని చూపించి మళ్లీ కంపైల్ చేయడం. జావా, జావాస్క్రిప్ట్ ఇంజిన్లు ఇంకో అడుగు ముందుకేసి నడుస్తుండగానే కంపైల్ చేస్తాయి. ఇన్నాళ్లూ ఇక్కడికి పూర్ణాంకాలే వచ్చాయి కదా అని దానికి తగ్గ కోడ్ తయారుచేస్తాయి, వేరే రకం వస్తే దాన్ని వదిలేసి పాత దారికి మళ్లుతాయి. జావాస్క్రిప్ట్‌లో సంఖ్యలను పూర్ణాంకాలుగా మార్చే నియమం ఎంత తరచుగా వాడుకలోకి వస్తుందంటే, ఆర్మ్ సరిగ్గా ఆ నియమం ప్రకారమే మార్చే ఒక ఆదేశాన్ని తన పట్టికలో చేర్చింది. పెద్ద ఆదేశాలు వద్దని మొదలైన కుటుంబంలోకి ఒక భాష కోసం ప్రత్యేక ఆదేశం రావడం నాకు తప్పుగా తోచలేదు. ఈసారి దాన్ని ఎవరు ఎన్నిసార్లు వాడతారో ముందే తెలుసు.

ఊహకు ఇంకో ఖరీదు 2018 జనవరిలో బయటపడింది. స్పెక్టర్ అని పేరు పెట్టిన లోపం అది. తప్పు ఊహ మీద చేసిన పనిని ప్రాసెసర్ పారేసినా, క్యాష్‌లో దాని జాడ మిగులుతుంది. ఆ జాడను సమయం కొలిచి చదివితే రహస్యాలు దొరుకుతాయి. ప్రాసెసర్‌కీ కంపైలర్‌కీ మధ్య ఒప్పందం ఏ ఆదేశం ఏ ఫలితం ఇస్తుందో చెప్పింది, ఎంతసేపట్లో ఇస్తుందో ఏ రోజూ చెప్పలేదు. అప్పటికే అమ్ముడైన చిప్‌లను మార్చలేరు కాబట్టి భారం కంపైలర్ల మీద కూడా పడింది. ప్రాసెసర్ ఊహను కావాలనే పనికిరాని చోటికి మళ్లించే రెట్‌పోలిన్ అనే కోడ్‌ను గూగుల్ ఇంజినీర్లు తయారుచేశారు, జీసీసీ, ఎల్ఎల్‌వీఎం కంపైలర్లు దాన్ని చేర్చుకున్నాయి. దశాబ్దాలుగా ఊహకు సాయపడే కోడ్ రాసిన కంపైలర్లు దాన్ని ఆపే కోడ్ రాయాల్సి వచ్చింది.

ఆ ఒప్పందాన్ని కలిసి దిద్దుకోవడం కూడా సాధ్యమే. 2020లో ఆపిల్ ఎం1 చిప్ తెచ్చినప్పుడు పాత ఎక్స్86 ప్రోగ్రామ్‌లను ఆర్మ్ ఆదేశాల్లోకి మార్చే రొసెట్టా 2 కూడా ఇచ్చింది. ఒక కోర్ మెమరీలో రాసిన విలువలు మిగతా కోర్లకు ఏ క్రమంలో కనబడాలన్న దానిపై ఎక్స్86 నియమం కఠినం, ఆర్మ్‌ది సడలింపు. ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌లో పూడ్చాలంటే అడుగడుగునా అదనపు ఆదేశాలు పెట్టాలి. ఆపిల్ చిప్‌లోనే ఎక్స్86 క్రమాన్ని పాటించే మోడ్ పెట్టి ఆ ఖర్చు తప్పించింది.

మొదట చెప్పిన వెక్టర్ ఆదేశాల విషయంలో మాత్రం ఈ పంచాయితీ చాలాకాలం తెగలేదు. ఇంటెల్ వాటి వెడల్పును 1997లో 64 బిట్లతో మొదలుపెట్టి 128, 256, 512 దాకా పెంచుకుంటూ పోయింది. పెంచిన ప్రతిసారీ కొత్త ఆదేశాలు, మళ్లీ కంపైల్ చేయాల్సిన పాత ప్రోగ్రామ్‌లు. రాబోయే చిప్ ఎంత వెడల్పు ఉంటుందో కంపైలర్‌కు ఎలా తెలుస్తుంది? 2021లో ఖరారైన, రిస్క్ కుటుంబానికే చెందిన రిస్క్-ఫైవ్ (RISC-V) వెక్టర్ ఆదేశాలు దీనికి వేరే దారి చూపాయి. కంపైలర్ వెడల్పు సంగతి రాయదు. లూప్ తిరిగిన ప్రతిసారీ ‘ఇంకా ఇన్ని సంఖ్యలు మిగిలాయి, ఇప్పుడు ఎన్ని తీసుకోగలవు’ అని ప్రాసెసర్‌ను అడిగే ఆదేశం ఒకటి పెడుతుంది. చిన్న చిప్ నాలుగు అంటుంది, పెద్దది అరవై నాలుగు అంటుంది. ఒకసారి కంపైల్ చేసిన అదే కోడ్ రెండింటిలోనూ పూర్తి వెడల్పుతో నడుస్తుంది.